మోషన్ పరీక్షల్లో ఏది ఎవరికి? రిపోర్టులో తేడా కనిపిస్తే జబ్బున్నట్టేనా?

మా పిన్నిది తెనాలి. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మాయ్, నాకు పేగు జారిందంట. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు" అంది. గొంతులో వణుకు. సాయంత్రానికల్లా ఫైలు చంకన పెట్టుకుని గుంటూరులో మా ఇంటి గుమ్మంలో ఉంది.

నేను 18 ఏళ్లుగా ఎక్స్‌రే, స్కానింగ్ గదుల్లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదట గుంటూరు కొత్తపేటలో, ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో. డాక్టర్ని కాను, ఫిల్ములు తీసే మనిషిని. వాటిని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, దాన్నిబట్టి వైద్యం నిర్ణయించేది మీ డాక్టరు. కానీ రిపోర్టు చేతికందగానే మనుషుల ముఖాలు ఎలా పాలిపోతాయో రోజూ చూసేది మేమే.

పిన్నిది మలవిసర్జన జరుగుతుండగా తీసిన ఎక్స్‌రే. ఆ రిపోర్టు అడుగున మూడు ముక్కలున్నాయి. రెక్టోసీల్ 1.8 సెంటీమీటర్లు. స్వల్పంగా ఇంటస్ససెప్షన్. ముక్కినప్పుడు పెరీనియం కొంచెం దిగింది. మొదటిది మలాశయం ముందు గోడ యోని వైపు చిన్న సంచిలా ఉబ్బడం. రెండోది మలాశయం లోపలి పొర మడతపడి కిందికి దిగడం. మూడోది కటి అడుగున ఆసరాగా ఉండే కండరాలు ముక్కినప్పుడు కిందికి వాలడం. పేర్లు వింటే ఎవరికైనా గుండె జారుతుంది.

"పిన్నీ, అసలు నీ బాధేంటి?" అన్నాను.

"మోషన్ గట్టిగా వస్తోందే. రెండు నెలల్నుంచి. అంతకుముందు ఏ బాధా లేదు."

"రెండు నెలల కింద కొత్తగా ఏం మందులు మొదలుపెట్టావు?"

సంచిలోంచి కాల్షియం బిళ్లల అట్ట తీసింది. మోకాళ్ల నొప్పులకని వేసుకుంటోంది. కాల్షియం బిళ్లలు మోషన్‌ని గట్టిపరుస్తాయి. ఐరన్ బిళ్లలూ అంతే, బీపీకి వాడే కొన్ని మందులూ అంతే. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అంతకుముందే చేయించుకుంది, అందులో అంతా బాగుంది. అంటే ఆవిడకి ఉన్నది రెండు నెలల గట్టి మోషన్. రిపోర్టులో ఉన్నది ఆపరేషన్ దాకా వెళ్లిన మూడు పేర్లు. ఈ రెంటికీ సంబంధం ఉందా అని ఎవరూ అడగలేదు.

బాధ లేని వాళ్లని పరీక్షిస్తే ఏం కనపడుతుంది

1989లో కెనడా డాక్టర్లు కొందరు ఒక మంచి పని చేశారు. ఏ బాధా లేని 47 మంది యువతీయువకులకి, వాళ్ల ఇష్టంతోనే, బేరియం డిఫెకోగ్రఫీ తీశారు. అంటే ఎక్స్‌రేలో కనపడే బేరియం ముద్దని మలాశయంలోకి ఎక్కించి, మలవిసర్జన జరుగుతుండగా తీసే ఎక్స్‌రే. ఫలితాలు "గట్" అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. అందులో ఆడవాళ్లు 21 మంది. వాళ్లలో 17 మందికి రెక్టోసీల్ కనపడింది. లోపలి పొర మడతపడడం కూడా కొందరిలో కనపడింది. వీళ్లెవరూ మోషన్ బాధతో డాక్టరు గడప తొక్కినవాళ్లు కారు.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అన్నేళ్లుగా నేను తీసిన ఫిల్ముల్లో ఎన్నిటి అడుగున అదే మాట చూశానో గుర్తొచ్చింది.

ఎందుకలా కనపడుతుందో అర్థం కావడానికి ఒక పాల ప్యాకెట్ చాలు. నిండుగా ఉన్న ప్యాకెట్‌ని ఒక పక్క నొక్కితే ఇంకో పక్క, పలచగా ఉన్నచోట ఉబ్బుతుంది. ఆడవాళ్లలో మలాశయానికీ యోనికీ మధ్య ఉన్న గోడ పలచన. ముక్కినప్పుడు ఒత్తిడి అటు పోతుంది, గోడ కాస్త ఉబ్బుతుంది. ఒత్తిడి తగ్గాక సర్దుకుంటుంది. అందుకే 2 సెంటీమీటర్ల లోపు ఉబ్బుని చాలామంది రేడియాలజిస్టులు మామూలు కిందే లెక్కేస్తారు. అంతకన్నా పెద్దదైనా కొలత ఒక్కటే చాలదు. విసర్జన అయ్యాక ఆ సంచిలో బేరియం మిగిలిపోయిందా? ఆవిడ మోషన్ రావడానికి వేలితో యోని వెనక గోడనో, పక్కలనో నొక్కుకోవాల్సి వస్తోందా? వెళ్లొచ్చాక ఇంకా మిగిలిపోయినట్టు అనిపిస్తోందా? వీటికి అవుననే జవాబొస్తే ఆ రెక్టోసీల్‌కి అర్థం ఉంది. మా పిన్నికి మూడూ లేవు.

మామూలు అనేది చోటునిబట్టి కూడా మారుతుంది. పుస్తకాల్లో రోజుకి 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల వరకు మామూలే అని ఉంటుంది. మన దేశంలో ఎక్కువమందికి రోజూ కనీసం ఒకసారి అవుతుంది. అందుకే మన దగ్గర ఒక్కరోజు తప్పినా మలబద్ధకం అంటూ పరుగెత్తుతారు. వారానికి 4 సార్లు హాయిగా వెళ్లొచ్చే మనిషికి ఏ పరీక్షా అక్కర్లేదు, ఏ మందూ అక్కర్లేదు.

కొలిచేది దేన్ని? ముందు అది తేలాలి

పరీక్షలన్నీ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పవు. మలం పెద్దపేగులో నెమ్మదిగా కదులుతోందా అనేది ఒక ప్రశ్న. కిందికొచ్చింది బయటికి రావట్లేదా అనేది ఇంకోటి. లోపల గడ్డో పుండో ఉందా అనేది మూడోది. ప్రశ్న ఏదో తేల్చుకోకుండా పరీక్ష రాయించుకుంటే ఏదో ఒక తేడా బయటపడుతుంది, అది మన బాధకి సంబంధించింది అవ్వాలనేమీ లేదు.

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముందు. మలంలో రక్తం పడినా, రక్తహీనత ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు కేన్సర్ వచ్చినా, 45–50 దాటాక కొత్తగా మోషన్ తీరు మారినా కొలనోస్కోపీ గురించి అడగండి. అది పేగు లోపలి గోడని చూస్తుంది. పేగు ఎలా పనిచేస్తోందో చెప్పదు. "కొలనోస్కోపీ నార్మల్ వచ్చింది, మరి నాకెందుకు మోషన్ అవ్వట్లేదు" అని అడిగేవాళ్లు ఎంతోమంది. ఆ పరీక్షని మీరు ఆ ప్రశ్న అడగలేదు, అది జవాబు చెప్పలేదు.

కడుపు ఎక్స్‌రేలోనో సీటీలోనో "ఫీకల్ లోడింగ్" అని రాస్తే మాత్రం కంగారుపడొద్దు. పెద్దపేగులో మలం ఉండడం దాని పని. బాగున్నవాళ్ల ఫిల్ములోనూ అది కనపడుతుంది. ఆ ఒక్క మాట చూసి మలబద్ధకం అని తేల్చలేం.

నెమ్మదిగా కదులుతోందా: మార్కర్ పరీక్ష

ఇది తేలిక, ఖర్చు తక్కువ, సిగ్గుపడాల్సింది ఏమీ ఉండదు. ఎక్స్‌రేలో కనపడే చిన్న చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగుతారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో 24 రింగులుంటాయి. 5వ రోజున కడుపు ఎక్స్‌రే తీస్తారు. 5 కన్నా ఎక్కువ మిగిలితే కదలిక నెమ్మది అంటారు. ఆ ఐదు రోజులూ విరేచనాల మందులు వేసుకోకూడదు. వేసుకుంటే పరీక్ష వృథా. నరసరావుపేట నుంచో రేపల్లె నుంచో వచ్చేవాళ్లకి ఇది అనుకూలం. డాక్టరు ఇచ్చిన క్యాప్సూల్ మింగేసి ఇంటికెళ్లి 5వ రోజున వస్తే సరిపోతుంది.

ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మనవాళ్ల పేగులు పడమటి దేశాల వాళ్లకన్నా వేగంగా కదులుతాయి. వాళ్ల లెక్కన అన్ని రోజులు ఆగి ఫిల్ము తీస్తే మనలో చాలామందికి రింగులన్నీ అప్పటికే బయటికి పోయుంటాయి. అందుకని లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు మనకి తగ్గట్టు వేరే పద్ధతి పెట్టారు. 0, 12, 24 గంటలప్పుడు 20 చొప్పున రింగులు ఇచ్చి, 36, 60 గంటలప్పుడు ఫిల్ములు తీస్తారు. ఏ పద్ధతిలో చేస్తున్నారో, రిపోర్టులో దేనితో పోల్చారో అడగడం మీ హక్కు.

బయటికి రావట్లేదా: బెలూన్, మానోమెట్రీ

అన్నిటిలోకీ సులువైంది బెలూన్ పరీక్ష. 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ని మలాశయంలో పెట్టి, బాత్రూంలో ఒంటరిగా కూర్చుని బయటికి తొయ్యమంటారు. ఒక నిమిషంలో వస్తే బాగున్నట్టు లెక్క. కొన్నిచోట్ల రెండు నిమిషాలిస్తారు. స్కానింగ్ అక్కర్లేదు, రేడియేషన్ లేదు. నా మాట అడిగితే మలం కిందిదాకా వచ్చి ఆగిపోతోందని చెప్పే మనిషికి పెద్ద యంత్రాల కన్నా ముందు ఇది చెయ్యాలి.

మానోమెట్రీలో సన్నటి గొట్టంతో మలద్వారం కండరాల ఒత్తిడి కొలుస్తారు. ముక్కేటప్పుడు వదులవ్వాల్సిన కండరం బిగుసుకుంటే డిస్‌సినర్జియా అంటారు. ఈ పేరు విని కూడా భయపడేవాళ్లున్నారు. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, వెనక గొట్టం పెట్టుకుని, పక్కన కొత్త మనిషి నిలబడి "ముక్కండి" అంటే బాగున్న మనిషికీ కండరం బిగుసుకుంటుంది. ఏ బాధా లేని వాళ్లలో కూడా ఈ తేడా చాలామందిలో కనపడిందని పరిశీలనలు చెప్పాయి. అందుకే ఇలాంటి పేగు బాధల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల్లో ఒక్క పరీక్షని పట్టుకుని పేరు పెట్టొద్దన్నారు. ముందు మలబద్ధకం లక్షణాలుండాలి. బెలూన్, కండరాల పరీక్ష, మలవిసర్జన జరుగుతుండగా తీసే ఫిల్ము, ఈ మూడింటిలో కనీసం రెండు తేడాగా రావాలి.

బేరియం ఫిల్మా, ఎంఆర్ఐనా

నన్ను అందరూ అడిగేది ఇదే. రెండూ ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చెప్తాను.

బేరియం పొడిలో గంజిపొడి కలిపి చిక్కగా ముద్దలా తయారుచేస్తాం. గరిటె నిలబెడితే నిలబడాలి. పలచనైతే కండరానికి పనే ఉండదు, జారిపోతుంది. సుమారు 150 నుంచి 200 మిల్లీలీటర్ల ముద్దని పెద్ద సిరంజితో మలాశయంలోకి ఎక్కిస్తాం. యంత్రం బల్లకి అమర్చిన కమోడ్ సీటు మీద కూర్చోబెడతాం. పక్కనుంచి ఎక్స్‌రే చూస్తూ ఉంటాం. మామూలుగా ఉన్నప్పుడు ఒకటి, "బిగపట్టండి" అని ఒకటి, "ముక్కండి" అని ఒకటి, తర్వాత "వదిలెయ్యండి" అంటాం. మలాశయానికీ మలద్వారానికీ మధ్య కోణం తెరుచుకుందా, ముద్ద ఎంత బయటికొచ్చింది, ఎక్కడ మిగిలింది, అన్నీ కదిలే బొమ్మలో కనపడతాయి.

కొన్నేళ్ల కిందటి సంగతి. సత్తెనపల్లి వైపు నుంచి నలభై ఏళ్ల ఆవిడ వచ్చింది. గదిలో నేను, ఇంకో టెక్నీషియన్, నేర్చుకోడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. "వదిలెయ్యండమ్మా" అంటే ఆవిడ తల దించుకుని కూర్చుంది. ఐదు నిమిషాలు. ఒక్క బొట్టు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర మీద చూస్తే కోణం తెరుచుకోలేదు, కండరం గట్టిగా బిగుసుకుంది. ఆ ఫిల్ముతో రిపోర్టు రాస్తే విసర్జనలో లోపం అని వచ్చేది. నాకు మనసొప్పలేదు. కుర్రాళ్లని బయటికి పంపాం, తలుపేశాం, మేం తెర వెనక్కి వెళ్లాం, కుళాయి తిప్పి వదిలాం. "ఎవరూ లేరు పిన్నిగారూ, మీ ఇష్టం వచ్చినంతసేపు తీసుకోండి" అని చెప్పాను. అర నిమిషంలో ముద్దంతా బయటికొచ్చేసింది. అదే మనిషి, అదే రోజు, అదే కుర్చీ. మొదటి ఫిల్ములో జబ్బు, రెండో ఫిల్ములో ఏమీ లేదు. ఆరోజు నుంచి నేనున్న గదిలో పరీక్ష చేసేవాళ్లు తప్ప ఇంకెవ్వరూ ఉండకూడదని నియమం పెట్టించాను.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. బేరియం బదులు జెల్ ఎక్కిస్తారు. మలాశయంతో పాటు మూత్రాశయం, గర్భసంచి, కండరాలు, అన్నీ ఒకే బొమ్మలో కనపడతాయి. గర్భసంచి కూడా జారుతోందన్న అనుమానం ఉన్నవాళ్లకి, వయసులో ఉన్న ఆడపిల్లలకి ఇది మంచిది. కానీ మామూలు ఎంఆర్ఐలో పడుకునే ఉండాలి. పడుకుని మలవిసర్జన చెయ్యమంటే ఎవరికైనా కష్టమే. చాలామంది జెల్‌ని పూర్తిగా బయటికి పంపలేరు. సరిగ్గా వదలకపోతే ఇంటస్ససెప్షన్ లాంటివి కనపడకుండా పోవచ్చు, లేదా ఖాళీ అవ్వట్లేదని తప్పుడు అర్థం రావచ్చు. అందుకే రిపోర్టులో జెల్ ఎంత బయటికి పోయిందో రాశారా అని చూడండి. అసలేమీ పోకపోతే ఆ పరీక్ష సగమే జరిగినట్టు. ఖర్చు కూడా ఎంఆర్ఐకే ఎక్కువ. ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

అందుకని నా సలహా ఇది. మిగిలిపోయినట్టు ఉంటోంది, వేలితో నొక్కుకోవాల్సి వస్తోంది అనే బాధకి, కూర్చుని తీసే బేరియం ఫిల్ము దొరికితే అదే ముందు. గర్భిణికి అది పనికిరాదు. మలంతో పాటు మూత్రం బాధ, గర్భసంచి బరువుగా జారినట్టు ఉండడం కలిస్తే ఎంఆర్ఐ. కాన్పు తర్వాత మోషన్ ఆగకుండా జారిపోతుంటే ఈ రెండూ కాదు, మలద్వారం కండరం తెగిందేమో చూసే అల్ట్రాసౌండ్ గురించి అడగాలి. మోషన్ గట్టిగా ఉంది, అంతే అనేవాళ్లకి వీటిలో ఏదీ వద్దు. మందుల అట్టలు డాక్టరుకి చూపించండి, థైరాయిడ్ పరీక్ష సంగతి అడగండి, నీళ్లు, పీచు, ఇసబ్‌గోల్ కొన్ని వారాలు సవ్యంగా వాడి చూడండి.

ఇక్కడే ఇంకో మాట. మనలో ఎక్కువమంది నేల మీద గొంతుకూర్చునే దొడ్డికి అలవాటుపడ్డవాళ్లం. డిఫెకోగ్రఫీ మాత్రం కమోడ్ మీద. గొంతుకూర్చుంటే మలాశయం కోణం ఎక్కువ తెరుచుకుంటుంది. 2010లో జపాన్‌లో ఆరుగురు ఆరోగ్యవంతుల్ని కొలిస్తే కుర్చీలో కూర్చున్నప్పుడు సుమారు 100 డిగ్రీలు, గొంతుకూర్చున్నప్పుడు 126 డిగ్రీలు వచ్చింది. అలవాటు లేని భంగిమలో తీసిన బొమ్మని చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మీ ఇంట్లో ఏది ఉందో టెక్నీషియన్‌కి చెప్పండి.

మన ఊళ్లల్లో ఎక్కడ, ఏం అడగాలి

కొత్తపేటలోనూ సూర్యారావుపేటలోనూ వీధికి పది స్కానింగ్ సెంటర్లు. కానీ డిఫెకోగ్రఫీ చేసేవి కొన్నే. ఎంఆర్ఐ యంత్రం ఉన్న ప్రతిచోటా ఈ పరీక్ష చేస్తారని కాదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ డాక్టర్లని కలిసి మీకు అవసరమైన పరీక్ష అక్కడ జరుగుతుందా అని అడగొచ్చు. గుంటూరు వాళ్లకీ విజయవాడ వాళ్లకీ మంగళగిరి మధ్యలోనే ఉంది.

ఫోన్ చేసినప్పుడు, కూర్చుని తీస్తారా, పడుకోబెట్టి తీస్తారా అని ముందు అడగండి. ఆడ టెక్నీషియన్ ఉంటారా, గదిలో ఎంతమంది ఉంటారు అనేది కూడా ముఖ్యం. సిగ్గు బొమ్మని మార్చేస్తుందని సత్తెనపల్లి ఆవిడ నాకు నేర్పింది. ఇంటి దగ్గర ఎలా వెళ్తారో, ఏం బాధో ఒక కాగితం మీద రాసి రేడియాలజిస్టుకి ఇవ్వండి. చీటీ మీద "మలబద్ధకం" అని ఒక్క ముక్క రాసి పంపితే చదివే మనిషికి కనపడిన ప్రతి తేడానీ రాయడం తప్ప వేరే దారి లేదు. కాగితం మీద రాయడానికి మాటలు దొరక్కపోతే మలం ఆకారాన్ని 7 రకాలుగా చూపే బ్రిస్టల్ చార్ట్ చాలామంది డాక్టర్ల దగ్గర ఉంటుంది, 1997 నుంచి వాడుకలో ఉన్నదే. వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఆపరేషన్ అనే మాట వచ్చినప్పుడు డాక్టర్ని నేరుగా అడగండి: "సార్, రిపోర్టులో ఉన్న ఈ తేడా నా బాధకి కారణమేనా? ఇది బాగున్న వాళ్లలోనూ ఉంటుందా? ముందు ఆపరేషన్ లేకుండా చేసేది ఏమైనా ఉందా?" కండరం బిగుసుకునే బాధకి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది. తెర మీద తన కండరాన్ని తానే చూసుకుంటూ వదులు చెయ్యడం నేర్చుకుంటారు. కత్తి అక్కర్లేదు. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. మా పిన్నిని నేను తీసుకెళ్లిన డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి, ముందు ఆవిడ చేతిలో ఉన్న కాల్షియం అట్ట అడిగి తీసుకున్నారు.

కాల్షియం ఆపి వేరేది ఇచ్చారు. రాత్రిపూట ఇసబ్‌గోల్ వెయ్యమన్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల గొంతుకూర్చోలేదు కాబట్టి కమోడ్ ముందు కాళ్లకింద పీట వేసుకోమన్నారు. అమ్మమ్మ కూరగాయలు తరుక్కోడానికి వాడిన పాత చెక్కపీట తీసి కడిగి పెట్టుకుంది. నెల తిరక్కుండానే ఫోన్ చేసి, "అమ్మాయ్, బానే ఉంది. మళ్లీ ఆ ఎక్స్‌రే తీయించి చూద్దామా, జారింది తగ్గిందేమో?" అంది.

"వద్దు పిన్నీ" అన్నాను. "తీస్తే ఆ 1.8 మళ్లీ కనపడుతుంది. నీకు బాధ లేదుగా."